వేలంపాటలో దక్కినది: సొత్తా, నిక్షేపమా?

"ఒకటోసారి, రెండోసారి, మూడోసారి" అని పలికి సుత్తి కొట్టుటతో వేలంపాట ముగియును. అంతవరకు పదిమంది ఆశించిన వస్తువు ఆ క్షణము నుండి ఒక్కని సొత్తగును. ఈ పద్ధతికి పెట్టిన పేరు మనకు పరదేశము నుండి వచ్చినది. పోర్చుగీసువారి లెయిలావ్ అను మాటయే మరాఠీలో లిలావ్ అయినదనియు, మన వేలమునకును అదియే మూలమనియు నిఘంటుకారులు చెప్పుదురు. మాట వచ్చి మన నోట స్థిరపడినది. దానితోపాటు వచ్చిన ఒక ప్రశ్న మాత్రము ఇంకను స్థిరపడలేదు. సుత్తి దెబ్బతో చేతులు మారునది ఏది? లోహమా, తోలా, కర్రయా? లేక ఆ వస్తువును ఒకప్పుడు చేపట్టినవాని కీర్తి కూడనా? ధర చెల్లించినవాడు ఆ కీర్తికిని యజమాని యగునా? ఈ విషయమును గూర్చి నాకు తోచిన నాలుగు మాటలను చదువరుల ముందుంచుచున్నాను.

ప్రాతవస్తువులను సేకరించువారు లోకమున రెండు తెగలుగా కనిపింతురు. నాణెములు, ఖడ్గములు, నగలు, ప్రతిమలు మొదలైన పురావస్తువులను కోరువారు ఒక తెగ. బ్యాట్లు, జెర్సీలు, పతకములు మొదలైన క్రీడా జ్ఞాపికలను కోరువారు రెండవ తెగ. స్కాట్లండు, ఐర్లండు దేశములలో ప్రాచీన కెల్టు జాతివారి శిల్పరీతిలోని నగలను, ఆ జాతి పేరు పెట్టుకొన్న ఫుట్‌బాల్ సంఘపు జ్ఞాపికలను ఒకే వేడుకతో పోగుచేయువారును కలరు. మన దేశపు వస్తువులకును వేలములలో గిరాకి తక్కువ కాదు. 2023 మే మాసమున టిప్పు సుల్తాను శయనమందిరమున నుండిన ఖడ్గము లండనులో 1 కోటి 40 లక్షల పౌండ్లకు పైగా పలికెను. 2009 మార్చిలో మహాత్మాగాంధీగారి కళ్లద్దములు, చెప్పులు, గడియారము, కంచము, గిన్నె న్యూయార్కులో 18 లక్షల డాలర్లకు అమ్ముడుపోయెను. అపరిగ్రహమును వ్రతముగా చేసికొన్న మహనీయుని కంచమునకు అంత ధర పలుకుటలోని విడ్డూరమును చదువరులు గ్రహింపకపోరు.

ఇన్ని లక్షలు దేనికొరకు? నేను గుమాస్తాగా పనిచేసిన దినములలో డెడ్‌స్టాకు రిజిస్టరు వ్రాయు పని నాకుండెడిది. విరిగిన కుర్చీలు, తుప్పుపట్టిన బీరువాలు, నడవని గడియారములు అప్పుడప్పుడు వేలమునకు వచ్చుచుండెడివి. సర్కారువారి పాటతో మొదలై హెచ్చుపాటదారుని పేరుతో తంతు ముగియుచుండెను. ఆ రిజిస్టరులో వస్తువు పేరునకు, కొన్న తేదీకి, కొన్న ధరకు, అమ్మిన ధరకు గడులుండెడివి. ఆ కుర్చీలో ముప్పది యేండ్లు కూర్చుండి పనిచేసినవాని పేరునకు గడి లేదు. కార్యాలయమునకు దాని అక్కరయు లేదు. కాని ఖడ్గము విషయమునను, పతకము విషయమునను ఆ లేని గడియే ప్రధానము. పేరు తీసివేసినచో ఖడ్గము ఇనుపసామాను, పతకము తులముల లెక్క. కొనువాడు చెల్లించు ధరలో హెచ్చుభాగము ఆ పేరునకే చెందుచున్నది. ఆ పేరును అమ్మినవాడు సంపాదించలేదు, కొన్నవాడును సంపాదించలేదు. చిక్కంతయు ఇచ్చటనే యున్నది.

"నా డబ్బు పెట్టి కొంటిని, కావున నాది" అనుట మొదటి వాదము. మన పాత దస్తావేజులలో భూమి నమ్మునపుడు "నిధి నిక్షేప జల తరు పాషాణాదులతో సహా" అని వ్రాయుట ఆచారము. భూమితోపాటు దానిలో దాగినదియు కొన్నవానిదే యని ఆ మాటల భావము. ఈ ధీమా ఎంతవరకు చెల్లునో కెల్టుల బంగారు పడవ వృత్తాంతము తెలుపుచున్నది. 1896లో ఐర్లండు ఉత్తరభాగమున లిమవాడి పట్టణమునకు చేరువలో, బ్రాయిటర్ అను చోట పొలము దున్నుచున్న ఇరువురు కూలీల నాగలికి బంగారు వస్తువులు తగిలినవి. వానిలో ఒక చిన్న పడవ కలదు. పొడవు రమారమి 18 సెంటీమీటర్లు. కూర్చుండు బల్లలు, తెడ్లు, తెరచాప కొయ్య సమస్తము బంగారమే. అది క్రీస్తునకు పూర్వము 1వ శతాబ్దమునాటిదని పండితుల అంచనా. ఆ వస్తువులు చేతులు మారి, తుదకు 600 పౌండ్లకు బ్రిటిష్ మ్యూజియమును చేరెను. అవి ఐర్లండుకు చెందవలెనని అచ్చటి పండితులు పట్టుబట్టగా 1903లో లండను న్యాయస్థానమున వ్యాజ్యము నడచెను.

ఆ వ్యాజ్యములో తేలవలసిన విషయము మిక్కిలి వింతయైనది. రెండువేల యేండ్లనాడు ఆ బంగారమును పూడ్చినవాడు మరల తీసికొను తలంపుతో పూడ్చెనా? లేక సముద్రదేవతకు సమర్పించి శాశ్వతముగా వదలుకొనెనా? తీసికొను తలంపుతో దాచినదైనచో అది నిధి యగును; నిధి రాజునకు చెందునని ఆనాటి చట్టము. దేవతకు వదలుకొన్నదైనచో అది నిధి కాదు, కొన్నవారికే దక్కును. మ్యూజియము పక్షమువారు సమర్పణమనిరి. న్యాయమూర్తి ఆ వాదమును త్రోసిపుచ్చెను. ఆ బంగారము రాజునకు చెంది, ఆయన ద్వారా ఐరిష్ అకాడమీకి చేరెను. నేడది డబ్లిన్ నగరపు జాతీయ మ్యూజియములో నున్నది. పేరైనను తెలియని ఒక ప్రాచీనుని మనస్సులో ఏముండెనో యని నేటి న్యాయవాదులు వాదించుకొనవలసి వచ్చెను. 600 పౌండ్ల రసీదు ఆ ప్రశ్నకు జవాబు కాలేకపోయెను. డబ్బు చెల్లించినంత మాత్రమున పూర్వులతోడి లెక్క తీరిపోదని ఈ వృత్తాంతము వలన తెలియుచున్నది.

కొన్నవానిది కానిచో, ఆ వస్తువు పుట్టిన జాతిది అనుట రెండవ వాదము. వినుటకు ఇది ఉదాత్తముగా నుండును. దీనిని పరీక్షించుటకు మన ప్రాంతపు ఉదాహరణమే కలదు. నాగపూరు భోంస్లే రాజ్యమునకు మూలపురుషుడైన మొదటి రఘూజీ భోంస్లే ఖడ్గమును 2025 ఏప్రిల్ 29న లండనులో సోథెబీస్ సంస్థవారు వేలము వేయగా, మహారాష్ట్ర ప్రభుత్వము 47 లక్షల 15 వేల రూపాయలు వెచ్చించి దానిని దక్కించుకొనెను. ఆ యేడు ఆగస్టు 18న అది ముంబయి చేరెను. అలుగు ఐరోపా పనితనము. అందుచేతనే అట్టి కత్తిని ఫిరంగి అందురు. అలుగుపై రఘూజీ పేరు దేవనాగరి లిపిలో బంగారుతో పొదగబడి యున్నది. అది ఎప్పుడు, ఏ విధముగా దేశము దాటెనో చరిత్రకారులు ఊహించుటయే గాని నిర్ధారణ చేయలేదు. 1854లో డల్హౌసీ నాగపూరును కలుపుకొన్న పిదప రాజకుటుంబపు ఏనుగులు, గుఱ్ఱములు, ఎద్దులు సీతాబర్డీలో వేలమున పోయినవనియు, ఆభరణములు అమ్మకమునకై కలకత్తాకు తరలినవనియు మాత్రము చరిత్రలో కలదు. మన చాందా ప్రాంతము ఆ రాజ్యములోనిదే. కావున ఆ ఖడ్గము తిరిగి వచ్చుట విదర్భవాసులందరికిని సంతోషమే.

కాని ఒక్క క్షణము నిలిచి యోచింతము. చాందా గోండు రాజుల రాజధాని. వారి రాజ్యమును 18వ శతాబ్దము నడుమ హరించినవాడు ఈ రఘూజీయే. జట్‌పురా దర్వాజాను చూచి తన పూర్వులను తలచుకొను గోండు సోదరునికి ఆ ఖడ్గము ఏ కథ చెప్పును? 1740లో రఘూజీ సేనలు దక్షిణమునకు నడచి, చిత్తూరు ప్రాంతమున దామలచెరువు కనుమలో ఆర్కాటు నవాబు దోస్త్ అలీని యుద్ధమున సంహరించెను. ఆ దండు నడచిన త్రోవలోని తెలుగు పల్లెలకు ఆ వీరుని పేరు వేరొక విధముగా వినిపించియుండును. వస్తువు ఒకటి, దానిని జ్ఞప్తియందుంచుకొనువారు మూడు జాతులవారు. ఏ ఒక్కరిదో అని నిర్ణయించి తక్కిన ఇరువురి కథను కప్పిపుచ్చుట న్యాయము కాదు. ప్రభుత్వము ఆ ఖడ్గమును కొనుట ఉచితమే. దాని ప్రక్కన నిలుపు పలకపై ముగ్గురి కథయు నుండుట అంతకంటె ఉచితము.

ఇక క్రీడా జ్ఞాపికల సంగతి. ఇది మరియు సూక్ష్మమైనది, ఏలయన క్రీడలో కీర్తి వంశము వలన వచ్చునది కాదు. నాగపూరులో స్థిరపడిన తెలుగు కుటుంబమున 1895లో జన్మించిన కొఠారి కనకయ్య నాయుడుగారిని మనవాడని చెప్పుకొనని తెలుగువాడు విదర్భలో నుండడు. 1926లో గిల్లిగన్ నాయకత్వమున వచ్చిన ఎం.సి.సి. జట్టుపై బొంబాయి జింఖానా మైదానమున ఆయన 153 పరుగులు చేసెను. అందు 11 సిక్సర్లు. ప్రత్యర్థులే మెచ్చి వెండి బ్యాటును బహూకరించిరి. ఆరేండ్ల పిదప, 1932లో, భారతజట్టు లార్డ్స్ మైదానమున ఆడిన మొట్టమొదటి టెస్టు పోటీకి ఆయనయే నాయకుడు. వెండికి బజారులో ధర కలదు. ఆ పదునొకండు సిక్సర్లకు ఏ బజారులోను ధర లేదు. అట్టి బ్యాటును పాటలో కొన్నవాడు వెండిని తన ఇంటికి తీసికొనిపోగలడు. ఆ ఆట మాత్రము అప్పటికిని నాయుడుగారిదే.

ఇట్టి గౌరవచిహ్నమును కుటుంబమువారు అమ్ముకొనవచ్చునా యని కొందరు ప్రశ్నింతురు. 1952లో హెల్సింకి ఒలింపిక్సులో కాంస్యపతకము గెలిచిన ఖాశాబా జాధవ్ సతారా జిల్లా గోళేశ్వర్ గ్రామవాసి. స్వతంత్రభారతమునకు వ్యక్తిగతముగా ఒలింపిక్ పతకము తెచ్చిన తొలి క్రీడాకారుడు. ఆయన ప్రయాణవ్యయమునకై కొల్హాపూరు రాజారామ్ కళాశాల ప్రధానాచార్యులు తమ ఇంటిని 7000 రూపాయలకు తాకట్టు పెట్టిరని ప్రసిద్ధి. ఆయన 1984లో రోడ్డు ప్రమాదమున మరణించెను. 2017లో ఆయన కుటుంబమువారు, స్వగ్రామమున కుస్తీ విద్యాలయము కట్టింతుమన్న ప్రభుత్వ వాగ్దానము నెరవేరలేదనియు, కావున పతకమును వేలము వేసి ఆ ధనముతో తామే కట్టింతుమనియు ప్రకటించిరి. ఈ వార్త విని ఆ కుటుంబమును నిందించుట తగునా? కీర్తిని అమ్ముకొనుచున్నారనుట సులభము. ఆ కీర్తికి వారసులమని చెప్పుకొని గర్వించు మనము ఆ గ్రామమునకు ఒక ఇటుకయైనను మోసితిమా? పతకము ఇల్లు విడువవలసి వచ్చినపుడు సిగ్గుపడవలసినది చూచుచున్న సంఘము.

"అట్లయినచో అన్నియు సర్కారునకే అప్పగింతము, భద్రముగా నుండును" అను మూడవ వాదము కలదు. హాకీలో 1948, 1952, 1956 ఒలింపిక్ స్వర్ణపతకములు గెలిచిన బల్బీర్ సింగ్ గారు ఈ మాటనే నమ్మిరి. 1985లో క్రీడా మ్యూజియము కొరకని 36 పతకములను, నూటికి పైబడిన ఛాయాచిత్రములను, మెల్బోర్న్‌లో నాయకునిగా ధరించిన కోటును ప్రభుత్వ క్రీడాసంస్థకు ఉచితముగా ఇచ్చివేసిరి. కొన్నేండ్లకు విచారింపగా అవి ఎచ్చటను కానరాలేదు. 2020లో ఆయన కన్నుమూయువరకు అవి తిరిగి రాలేదు. డబ్బిచ్చి కొన్నవాడైనచో అట్లు పోగొట్టుకొనునా? కావున ప్రైవేటు మనిషి చేతనుండుట పాపమనియు, సర్కారు చేతనుండుట పుణ్యమనియు తేల్చివేయుటకు వీలు లేదు. ఎవరిచేత నున్నదను దానికంటె, ఆ చేయి దానిని ఎట్లు పట్టుకొన్నదనుట ముఖ్యము.

ఎట్లు పట్టుకొనవలెనో ఒక కలకత్తా కుటుంబము చూపినది. మహమ్మడన్ స్పోర్టింగ్ జట్టు ఆటగాడు మహమ్మద్ సలీం 1936లో గ్లాస్గో నగరమునకు పోయి, నేను పైన పేర్కొన్న ఆ సెల్టిక్ ఫుట్‌బాల్ సంఘము తరఫున రెండు పోటీలాడెను. బూట్లు లేవు, కాళ్లకు కట్లు కట్టుకొని ఆడి చూపరులను అబ్బురపరచెను. ఇంటిమీద బెంగచే అచ్చట నిలువక తిరిగి వచ్చెను. ముసలితనమున ఆయన జబ్బుపడగా, వైద్యమునకు సాయము కోరుచు కుమారుడు ఆ సంఘమునకు ఉత్తరము వ్రాసెను. నిజమునకు ఆయనకు కావలసినది ధనము కాదు. తన తండ్రి వారికింకను జ్ఞాపకముండెనా యని తెలిసికొనుట ఆయన కోరిక. సంఘమువారు జవాబుతో 100 పౌండ్ల బ్యాంకు డ్రాఫ్టు పంపిరి. కుమారుడు దానిని బ్యాంకులో మార్చుకొనక జ్ఞాపికగా దాచుకొనెను. మార్చుకొనినచో అది 100 పౌండ్లయి ఖర్చైపోవును. మార్చుకొననందున అది తండ్రి గౌరవమునకు సాక్ష్యమై నిలిచెను. ఇచ్చట అసలు వస్తువు ఒక కాగితపు ముక్క మాత్రమే.

ఈ ఉదాహరణములన్నింటిని కలిపి చూడగా నాకు మన ధర్మశాస్త్రములలోని ఒక మాట గుర్తునకు వచ్చుచున్నది. వ్యవహారములను పదునెనిమిది తెగలుగా విభజించిన ఆ శాస్త్రములు నిక్షేపమును వానిలో ఒకటిగా చెప్పినవి. ఒకడు నమ్మి, దాచుమని మరియొకనికి అప్పగించినది నిక్షేపము. దాచువానికి దానిని తన పెట్టెలో నుంచుకొను హక్కు కలదు. కాజేయు హక్కు లేదు, పాడుచేయు హక్కు లేదు. పుచ్చుకొన్నది పుచ్చుకొన్నట్లు తిరిగి అప్పగింపవలెను. ప్రాతవస్తువు ఇట్టి నిక్షేపమే. దీనియందు విశేషమేమనగా, అప్పగించినవాడు గతించెను, తిరిగి పుచ్చుకొనవలసినవాడు ఇంకను పుట్టలేదు. వేలములో మనము చెల్లించిన ధర ఆ కాపలాకు మనము పొందిన అనుమతికి ఖరీదు. 2011 ప్రపంచకప్పు తుదిపోటీలో ధోనీ ఆడిన బ్యాటును ఒక సంస్థవారు లక్ష పౌండ్లకు లండనులో కొనినపుడు ఆ సొమ్ము ధర్మకార్యమునకు పోయెను. అది మెచ్చుకొనదగినదే. ఐనను ఆ పుణ్యముతో కొన్నవారి కాపలా బాధ్యత తీరదు.

సేకరించువానిని నేను తక్కువ చేయుట లేదు. ఇతరులు చెత్తయని పారవేసినదానిని ఏరి, తుడిచి, బ్రతికించినవారు వారే. వారు లేనిచో ఎన్నో మ్యూజియములకు వస్తువులు దొరకవు. వారు పాటింపవలసిన నియమములు నాలుగని నా అభిప్రాయము. మొదటిది, వస్తువు ఎచ్చటి నుండి వచ్చినదో విచారించుట; దొంగసొమ్మునకు ఎంత ధర యిచ్చినను అది దొంగసొమ్మే. మన దేశమున 1972 నాటి పురావస్తు చట్టము ప్రకారము నూరేండ్లు దాటిన శిల్పములు, నాణెములు మొదలైనవియు, చరిత్ర విలువ గలిగి 75 ఏండ్లు దాటిన వ్రాతప్రతులును పురావస్తువులగును. వానిని ప్రైవేటు వ్యక్తులు దేశము దాటించుట నేరము. వానితో వ్యాపారము చేయుటకు లైసెన్సు కావలెను. రెండవది, వస్తువును కరిగింపక, విడదీయక యథాతథముగా కాపాడుట. మూడవది, ఇనుపపెట్టెలో దాచక పదిమందికి చూపుట. నాల్గవది, దాని కథను వ్రాసిపెట్టి, తన తరువాత ఎవరు చూచుకొందురో ముందుగా ఏర్పరచుట.

ఈ నియమములు ధనవంతులకు మాత్రమే అనుకొనరాదు. లండను వేలములకు పోవువారు మనలో లేకపోవచ్చును. కాని బొగ్గుగనుల పనికని, రైలు పనికని, బల్లార్‌పూరు కాగితపు మిల్లు పనికని కరీంనగరు, ఆదిలాబాదు, ఓరుగల్లు ప్రాంతముల నుండి వచ్చి ఇచ్చట పాతుకొన్న కుటుంబములలో నిక్షేపము లేని ఇల్లు లేదు. అమ్మమ్మ కాపురమునకు తెచ్చుకొన్న ఇత్తడి బిందె, కంచు చెంబు, తాంబాళము ఉన్నవి. వానిపై తెలుగు అక్షరములతో పేరు, ఊరు, ఇచ్చినవారి పేరు కొట్టించి యుండును. అట్టి బిందెలు నేడు భంగార్‌వాలా త్రాసులో కిలోల లెక్కన పోవుచున్నవి. పిల్లలు దుర్మార్గులై అమ్ముట లేదు. మరాఠీలోను, ఇంగ్లీషులోను చదువుకొన్న మనుమనికి ఆ బిందెపై నున్న అక్షరములు గీతలుగా కనిపించుచున్నవి. చదువలేనివానికి అది ఇత్తడియే. గని తరఫున కబడ్డీలో తాత గెలిచిన కప్పు గతియు ఇంతే.

కొనకయే కాపాడుట ఎట్లో మన యూరిలోనే చూడవచ్చును. చంద్రపూరు కోటగోడను ఎవరును వేలములో కొనలేరు. 2017 నుండి ఎకో-ప్రో అను స్థానికసంస్థకు చెందిన యువకులు ఆ గోడలపై మొలచిన చెట్లను, పేరుకొనిన చెత్తను నెలల తరబడి తమ చేతులతో తొలగించిరి. గోడ వారి పేరున లేదు. అయినను దానిని నిక్షేపముగా చూచినవారు వారే.

కావున ఈ సంచిక ద్వారా మన సంఘమునకు ఒక చిన్న విన్నపము చేయుచున్నాను. ఒక రిజిస్టరు తెరువుడు. ఇంటింట నున్న ప్రాతవస్తువును ఇంటనే యుండనిచ్చి, దాని వివరము మాత్రము వ్రాయుడు. వస్తువు పేరు, ఏ యూరి నుండి వచ్చినది, ఎవరు వాడిరి, దానిపై ఏమి వ్రాసియున్నది, తరువాత ఎవరు చూచుకొందురు అని అయిదు గడులు చాలును. ధరకు గడి వలదు. తెలుగు చదువరాని పిల్లలు వచ్చినచో, బిందెపై నున్న అక్షరములను వారిచేతనే కూడబలికించి వ్రాయింపవలెను. తమ ముత్తవ్వ పేరులోని అక్షరములతో వారికి ఓనమాలు మొదలగును. గీతలు గీయుట, గడులు నింపుట నాకు అలవాటైన పని. ఆదివారములు ఆ పనికి కూర్చుండుటకు నేను సిద్ధముగా నున్నాను. వస్తువు ఉన్నవారు కదలి రావలెను.